దోర్నకల్లులో ఒక ఆదివారం

తరగతిలో విదురనీతి చెప్పడం సులువు. ఇంట్లో ఆచరించడమే కష్టం. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటూ బ్రతుకుతున్నాను గాని, ఈ చిన్న సంగతి నాకు తెలిసిరావడానికి మా బీరువాలో ఒక వాలీబాలు బంతి పది రోజులు బందీగా పడి ఉండవలసివచ్చింది.

జరిగినది చెబుతాను. మా అబ్బాయి ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరం చదువుతున్నాడు. అర్ధసంవత్సరం పరీక్షలో లెక్కల మార్కులు బాగా తగ్గాయి. సాయంత్రం కాగానే వాడు బంతి చంకన పెట్టుకుని మైదానానికి పోవడం నేను చూస్తూనే ఉన్నాను. కార్యకారణ సంబంధం నాకు స్పష్టంగా కనబడింది. ఆ సాయంత్రం గుమ్మంలోనే నిలబెట్టి, బంతి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. వాడు ఎదురు చెప్పలేదు. అసలు మాట్లాడడమే మానేశాడు. అడిగినదానికి "ఊఁ" అనడం, కంచం ముందు తలవంచుకుని తిని లేచిపోవడం. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి వంతు వచ్చినప్పుడు ప్రార్థన రెండు మాటల్లో ముగిసిపోయేది. ఆ రెండు మాటల్లోనూ నా పేరు లేదు.

ఇంట్లో ఇలా ఉంటే కాలేజీలో ఇంకోలా ఉంది. వార్షికోత్సవం బాధ్యత నాకు అప్పగించారు. విద్యార్థులతో ఒక సంఘం వేసిన మాట నిజమే. కాని నాటకం ఎన్నిక నాది, పాత్రధారుల ఎన్నిక నాది, తెరకు ఏ రంగు ఉండాలో చెప్పినదీ నేనే. వారం తిరక్కుండా సంఘంలో ఆరుగురికి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరూ వచ్చి, ఎంతో వినయంగా, "మీరే చూసుకోండి సార్, మీకు అన్నీ తెలుసుగా" అన్నారు. పొగిడారో, తెగిడారో తెలుగు ఎం.ఏ. చదివిన నాకు ఆ రాత్రికి గాని అర్థం కాలేదు.

మా ఆవిడ ఈ రెండు కథలనూ కనిపెట్టి ఊరుకుంది. ఒకనాడు కాఫీ ఇస్తూ, "ఏమండీ, ఈసారి ఎపిఫనీ పండుగ ఆదివారం దోర్నకల్లు పోదామా? మామయ్య ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నాడు" అంది. ఆమె మేనమామ రైల్వేలో గార్డుగా చేసి రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నారు. గాలి మార్పు మంచిదే అనుకున్నాను. మార్పు గాలికే కాదు, నాకు కూడా అవసరమని ఆమె ఉద్దేశమని తరువాత తెలిసింది.

* * *

తెల్లవారుజామున వరంగల్లులో రైలెక్కాము. నెక్కొండ దాటేసరికి పొద్దు పొడిచింది. కేసముద్రం, మహబూబాబాదు వెళ్ళిపోయాయి. పట్టాలకు ఇరుపక్కలా మిరపతోటలు, కోత అయిపోయిన వరిమళ్ళు, మధ్య మధ్య ఎర్రమట్టి దిబ్బలమీద తాటిచెట్లు. మా అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని స్టేషన్ల పేర్లు గట్టిగా చదువుతోంది. అబ్బాయి ఎదుటి బల్లమీద కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. మేమిద్దరం ఒకే చెట్టును చూసి ఉంటాము, కాని ఆ సంగతి ఒకరితో ఒకరం చెప్పుకోలేదు.

గార్ల దాటిన తరువాత దోర్నకల్లు జంక్షను. కాజీపేట–విజయవాడ లైనులోనుంచి కొత్తగూడెం బొగ్గుగనుల వైపు వెళ్ళే శాఖ ఇక్కడే చీలుతుంది. ఇప్పుడిది తెలంగాణలో మహబూబాబాదు జిల్లా. నూరేళ్ళ క్రితం నిజాం రాజ్యం. ఊరు పెద్దది కాదు. బొగ్గు వ్యాగన్లు, వేపచెట్లు, టీ దుకాణాలు. ఇలాంటి ఊరు పేరు ప్రపంచంలో క్రైస్తవ చరిత్ర చదివినవారందరికీ తెలుసునంటే కొత్తవాళ్ళు నమ్మరు. దానికి కారణం ఒక్క మనిషి.

ఆయన మన తెలుగువాడు కాడు. తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టిన తమిళుడు, వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తండ్రి పల్లెటూరి గుడిలో గురువు. వై.ఎం.సి.ఎ. సంస్థలో 1895 నుంచి 1909 దాకా కార్యదర్శిగా పనిచేసి, దేశమంతా తిరిగి, పెద్దపెద్దవాళ్ళ స్నేహం సంపాదించిన మనిషి. అవన్నీ వదులుకుని 1909లో దోర్నకల్లు వచ్చాడు. అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు. ఆ వయసులో అక్షరాలు దిద్దుకుంటూ తెలుగు నేర్చుకున్నాడు. మా తరగతుల్లో ఇరవై ఏళ్ళవాళ్ళు ఛందస్సు అనగానే మొహం వేలాడేస్తారు. ఈయన సంగతి వారికి చెప్పాలి అనుకున్నాను. మళ్ళీ పాఠం చెప్పే బుద్ధే!

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనను బిషప్పుగా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అది అందరికీ రుచించలేదు. నల్లవాడి కింద దొరలు పనిచేయడమా అని కొందరు దొరలు సందేహించారు. మనవాడు మనమీద పెత్తనమా అని మనవాళ్ళలో కూడా కొందరు గొణిగారు. ఆ గొణుగుడుకు ఆయన చెప్పిన జవాబు ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన ఊరూరా తిరగడం.

* * *

మామయ్యగారు స్టేషనుకు వచ్చారు. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉన్నారు. "వందనాలు అల్లుడుగారూ, బండి పది నిమిషాలు ఆలస్యం" అన్నారు గడియారం చూసి. గార్డు ఉద్యోగం ఒకసారి ఒంటబడితే పోదు కాబోలు. ఇంట్లో సామాను పడేసి, మొహాలు కడుక్కుని, అందరం ఆరాధనకు బయలుదేరాము.

దోర్నకల్లు కెథీడ్రల్‌ను మొదటిసారి చూసేవారు ఒక్క క్షణం తికమకపడతారు. బయటినుంచి గుమ్మటాలు, మినార్లు చూస్తే నిజాం కాలపు మసీదో, మహలో జ్ఞాపకం వస్తుంది. లోపల అడుగుపెడితే రాతిస్తంభాల వరుసలు, దేవాలయ మండపంలో నిలబడ్డట్టు ఉంటుంది. పన్నెండు స్తంభాలు పన్నెండుమంది శిష్యులకు గుర్తు. శిల్పంలో మన పద్మాలు. వీటన్నిటికీ పైన శిలువ. విలాయతీ గుడిని తెచ్చి ఇక్కడ నాటడం అజరయ్యకు ఇష్టం లేదు. ఈ నేలమీద పుట్టిన గుడి కావాలన్నాడు. నాకైతే మన భాష జ్ఞాపకం వచ్చింది. మన మాటలో సంస్కృతం ఉంది, ఉర్దూ ఉంది, అచ్చతెలుగు ఉంది. వినేవాడికి అది తెలుగే. అలాగే ఈ గుడి కూడా.

కట్టడం పూర్తి కావడానికి ఇంచుమించు పాతికేళ్ళు పట్టింది. డబ్బు దొరికినప్పుడు గోడ లేచేది, లేనప్పుడు ఆగేది. 1939 జనవరి 6న, తూర్పుదేశపు జ్ఞానులు శిశువును దర్శించిన ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠ జరిగింది. ఆయన ఆరేళ్ళు ఆ గుడిలో ఆరాధన నడిపి 1945 జనవరి 1న కన్నుమూశారు. సంఘాలన్నీ ఒకటి కావాలని ఆయన ఎంతగానో పాటుపడ్డారు. ఆ దక్షిణ భారత సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. చూడడానికి ఆయన లేరు.

ఆరాధన మొదలైంది. మద్దెల, తాళాలతో కీర్తన ఎత్తుకున్నారు. మన రాగాలే, మన తాళాలే. మా అమ్మాయి చరణం అందుకుని పాడుతోంది. గురువుగారు నడివయస్కులు, ప్రసంగం క్లుప్తంగా చేశారు. జ్ఞానులు ఎంతో దూరం ప్రయాణం చేసి వచ్చి చివరకు మోకరించినది ఒక పసివాడి ముందు అన్నారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ముందు వంగడం దగ్గరే ఈ పండుగ మొదలవుతుందన్నారు. ఆ తరువాత ఇంకో మాట చెప్పారు. శిశువును చూసినవాళ్ళు వచ్చిన దారిన తిరిగిపోలేదు, వేరొక దారిన తమ ఊళ్ళకు వెళ్ళారు. "మనం కూడా ఈ గుడిలోకి వచ్చిన దారినే ఇంటికి పోతే వచ్చిన ఫలం ఏమిటి?" అని ముగించారు. నా జేబులో బీరువా తాళంచెవి ఉంది. రుమాలు తీయబోతే చేతికి తగిలింది.

* * *

ఆరాధన అయ్యాక ఆవరణలో నీడపట్టున నిలబడ్డాము. మామయ్యగారు పిల్లలకు అజరయ్యగారి కథలు చెబుతున్నారు. "ఆయనకు డిగ్రీ లేదర్రా! మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. తీరా చివరి పరీక్ష వేళకు జబ్బుపడ్డారు. తప్పిపోయింది ఏ పరీక్షో తెలుసా? లెక్కలు!"

మా అబ్బాయి తలెత్తాడు. పది రోజుల తరువాత మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"తరువాత కేంబ్రిడ్జివాళ్ళే పిలిచి డాక్టరు బిరుదు ఇచ్చారనుకో" అని మామయ్యగారు ముక్తాయించారు.

పాఠకులతో నిజం చెప్పాలి. ఈ కథ నాకు కొత్త కాదు. ఎన్నో ఏళ్ళ క్రితమే పుస్తకంలో చదివాను. అయినా మా వాడికి ఎన్నడూ చెప్పలేదు. చెబితే చదువు అశ్రద్ధ చేస్తాడని భయం. మహనీయుల జీవితాల్లో మనకు పనికివచ్చే పేజీలే పిల్లలకు చదివి వినిపిస్తాము. మిగతావి మడిచిపెడతాము. ఆ మడత ఆవేళ మామయ్యగారు విప్పేశారు.

ఇంటికి వచ్చి భోజనాలకు కూర్చున్నాము. అందరికీ నేలమీద ఒకే వరుసలో చాపలు. నాకు ప్రత్యేకంగా పీట వేస్తారేమోనని చూశాను, వేయలేదు. మామయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్యగారు మాతోపాటు కూర్చున్నారు. "ఆదివారం వడ్డన నాది. పెళ్ళయిన ఏటినుంచి ఇదే చట్టం" అన్నారాయన. "ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడని ప్రతి ఏడూ వింటాము. కాళ్ళు కడగడం మనవల్ల కాదు గాని, కాస్త పప్పు వడ్డించలేమా?"

మా ఆవిడ నావైపు చూడలేదు. చూడకపోవడంలో ఆమె ప్రావీణ్యం గొప్పది.

అప్పుడు నాకు ఎడింబరో ప్రసంగం గుర్తుకొచ్చింది. 1910లో స్కాట్లండు రాజధానిలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవారిలో అత్యధికులు పాశ్చాత్యులు. ఆ సభలో అజరయ్య లేచి చెప్పినదాని సారాంశం ఇది: మీరు మాకోసం చాలా త్యాగాలు చేశారు, మాకు కృతజ్ఞత ఉంది. కాని మీతో ఏళ్ళతరబడి పనిచేసిన మావాళ్ళను మీ ఇంటికి భోజనానికి పిలవని వారున్నారు. ధర్మకర్తలుగా ఉండకండి, స్నేహితులుగా ఉండండి. సభ ఉలిక్కిపడింది. కొందరికి కోపం వచ్చింది. ఆయన మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు.

ఈ ప్రసంగం గురించి నేను ఒకసారి వ్యాసం రాశాను. దొరలను దులిపేశాడని పొంగిపోయాను. ఆ దొరతనం ఏడు సముద్రాల అవతల మాత్రమే ఉంటుందనుకున్నాను. మామయ్యగారు నా కంచంలో రెండోసారి పప్పు పోస్తూంటే, మా ఇంట్లో కూడా ఒక దొర ఉన్నాడని, కొడుకు చదువుకోసం ఫీజులు కట్టాడు గాని కొడుకుతో స్నేహం చెయ్యలేదని అనిపించింది. వాడు ఏ స్థానంలో ఆడతాడో కూడా నాకు తెలియదు!

అజరయ్యగారి ఇల్లు కూడా అలాంటి పంక్తిభోజనపు ఇల్లేనని మామయ్యగారి నమ్మకం. 1898లో ఆయన పెళ్ళాడిన అన్బు మరియమ్మాళ్ చదువుకున్న ఇల్లాలు. ఆ కాలంలో కాలేజీ మెట్లెక్కిన దక్షిణాది క్రైస్తవ స్త్రీలు వేళ్ళమీద లెక్కపెట్టదగినవారు. ఆమె పుట్టిన ఊరు విడిచి, రాని భాషలోకి, తెలియని ఊరికి భర్త వెంట వచ్చింది. పల్లెస్త్రీలమధ్య, తల్లులమధ్య పనిచేసింది. తమిళంలో అన్బు అంటే ప్రేమ. ఎడింబరోలో ఆయన అడిగినదీ అదే. అడగడానికి ముందే ఆయన ఇంట్లో ఉన్నదీ అదే.

* * *

సాయంత్రం మామయ్యగారి ఇంటి దగ్గరి ఖాళీ స్థలంలో కుర్రాళ్ళు వాలీబాలు ఆడుతున్నారు. మా వాడు గోడవారన నిలబడి చూస్తున్నాడు. వాళ్ళు పిలిచారు. వాడు నావైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "పో" అన్నాను. ఆ ఒక్క అక్షరం పలకడానికి నాకు పది రోజులు పట్టింది.

ఆట సాగుతూంటే మామయ్యగారు పక్కన కూర్చుని, "ఈ ఆట ఎవరు కనిపెట్టారో తెలుసా?" అన్నారు. తెలుసు. అమెరికాలో హోల్యోక్ ఊరి వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గన్ అనే వ్యాయామ శిక్షకుడు 1895లో కనిపెట్టాడు. సరిగ్గా ఆ యేడే అజరయ్య ఇక్కడ అదే సంస్థలో చేరాడు. బాస్కెట్‌బాలు కూడా ఆ సంస్థలో పుట్టినదే. శరీరం, మనస్సు, ఆత్మ మూడూ కలిస్తేనే మనిషి అని వారి త్రికోణపు గుర్తుకు అర్థం. మన దేశంలో 1920లో మద్రాసులో వ్యాయామ విద్యాశాల స్థాపించినదీ వారే. మా వాడి కాలహరణం అని నేను తాళం వేసినది ఒక క్రైస్తవ సంఘం ఆవరణలో పుట్టిన ఆట అన్నమాట. ఇంకో తమాషా ఉంది. బాస్కెట్‌బాలు మోటుగా ఉందని వాపోయిన నడివయస్సు వ్యాపారస్తులకోసం మోర్గన్ ఈ ఆట తయారుచేశాడు. అంటే నావంటి వాళ్ళకోసమే!

ఇంతలో ఒక కుర్రాడిని ఇంట్లోంచి పిలుపు వచ్చి పట్టుకుపోయింది. అయిదుగురే మిగిలారు. "అంకుల్, మీరు వస్తారా?" అని ఎవడో కేకవేశాడు. మామయ్యగారు నా వీపుమీద తట్టారు. పంచె ఎగగట్టి కోర్టులో దిగాను.

నా మొదటి సర్వీసు నెట్టులో పడింది. రెండోది పక్కింటి గేదె మీద పడింది. అవతలివాళ్ళు నవ్వారు. మావాళ్ళలో ఒకడు విసుక్కున్నాడు. అప్పుడు మా వాడు నా దగ్గరికి వచ్చాడు. వాడు లిఫ్టరు అని, జట్టును నడిపేవాడు వాడేనని అప్పటికి గ్రహించాను. "నాన్నా, మీరు వెనక ఆ మూల ఉండండి. బంతి వస్తే పైకి లేపండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. పది రోజుల తరువాత వాడు నాతో అన్న మొదటి పూర్తి వాక్యం అది.

ఆ మూల నిలబడి వాణ్ణి చూశాను. ఎవరు ఎత్తుగా ఎగరగలరో వాడికి తెలుసు, బంతి వాడికి అందించేవాడు. చేతకాని చిన్నవాడికి కూడా ఒకటి రెండుసార్లు అందించాడు. వాడు తప్పు కొడితే "పోనీలే, ఇంకోటి ఇస్తా" అన్నాడు. లిఫ్టరు తాను పాయింటు కొట్టడు, ఎదుటివాడిచేత కొట్టిస్తాడు. నేను వార్షికోత్సవంలో చేసినది సరిగ్గా దీనికి విరుద్ధం. సర్వీసూ నాదే, స్మాషూ నాదే, జట్టు మాత్రం కనబడదు.

అజరయ్య నాయకత్వం కూడా లిఫ్టరు నాయకత్వమే. ఎక్కువమంది తోసివేసిన కులాలనుంచి వచ్చిన పల్లెవాసులు ఆయన సంఘస్థులు. వారినే బోధకులుగా, ఉపదేశులుగా, గురువులుగా తయారుచేశాడు. బాప్తిస్మం పొందేవారిచేత నెత్తిమీద చెయ్యి పెట్టించి, ఈ సువార్త చెప్పే బాధ్యత నాది అని పలికించేవాడట. అంటే చదువురాని కూలివాడు కూడా ఆ రోజునుంచే ఒక బరువుకు బాధ్యుడు. 1930ల నడుమకు ఆయన అధికార పరిధిలో గురువులు వందల సంఖ్యలో, గ్రామోపాధ్యాయులు రెండువేల పైచిలుకు ఉన్నారు. ఒక్కడే అన్నీ చేసుకునే మనిషైతే ఆ సంఖ్యలో సున్నాలన్నీ రాలిపోయి ఒకటి మాత్రం మిగిలేది.

ఆట ఓడిపోయాము, రెండు పాయింట్ల తేడాలో. ఆ రెండూ నావేనని ఎవరూ అనలేదు.

* * *

రాత్రి బండికి తిరుగు ప్రయాణం. మా అమ్మాయి తల్లి ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది. నా మోకాళ్ళు పీకుతున్నాయి. జేబులోంచి తాళంచెవి తీసి మా వాడి చేతిలో పెట్టాను. "తప్పు నాదిరా" అన్నాను. ఇన్నేళ్ళ కొలువులో ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను, ఇంత పొట్టి ఉపన్యాసం ఇవ్వడం ఇదే ప్రథమం.

వాడు కొంతసేపు తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు. "పరీక్షలయ్యేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి నాన్నా. సాయంత్రం ఒక్క గంట మాత్రం ఇవ్వండి. లెక్కల్లో నాకు నిజంగానే ఒక అధ్యాయం అర్థం కావడం లేదు. చెబితే కోప్పడతారని చెప్పలేదు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేను వెతికిన కార్యకారణ సంబంధం తప్పు. మార్కులు తగ్గడానికి కారణం బంతి కాదు. భయం.

మర్నాడు లెక్కల మేష్టారైన మా సహోద్యోగిని బతిమాలి వాణ్ణి అప్పగించాను. కాలేజీలో ఆరుగురు పిల్లలనూ ఇంటికి భోజనానికి పిలిచాను. వడ్డన నాది. పులుసు ఒకరి పుస్తకాలమీద ఒలికింది గాని, నాటకం వాళ్ళే ఎన్నుకున్నారు. నాకు నచ్చిన నాటకం కాదు. నాకు తెర లాగే పని ఇచ్చారు. వార్షికోత్సవం బాగా జరిగింది. తెర ఒకసారి మధ్యలో ఇరుక్కుంది, అది నా తప్పే.

ఆ రాత్రి రైల్లో ఇంకొక మాట కూడా జరిగింది, అది చెప్పి ముగిస్తాను. మహబూబాబాదు దాటాక, పిల్లలిద్దరూ నిద్రపోయాక, గురువుగారి ప్రసంగం గుర్తొచ్చి మా ఆవిడతో అన్నాను, "చూశావా, మనం కూడా వేరొక దారిన ఇంటికి పోతున్నాం."

ఆమె కిటికీలోంచి చీకట్లోకి చూసి, "రైలు మాత్రం వచ్చిన దారినే పోతోందండీ. రేపు పొద్దున కాఫీ మీరు పెడితే అప్పుడు నమ్ముతాను" అంది.

పెట్టాను. చక్కెర ఎక్కువైందన్నారు.